నాలుగు వేళ్ల తేడా

నా కారు వెనక టైర్లు పాడవుతున్నాయని కళ్లకంటే ముందు అరచేతికి తెలిసింది. సాయంత్రం అసర్ నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకోబోతూ టైరుకు అంటిన మట్టిని చేత్తో తుడిచాను. లోపలి అంచు నుంచి బయటికి నిమిరితే నున్నగా ఉంది. ఎదురు నిమిరితే రంపం పళ్లలా గీరుకుంది. వంగి చూస్తే లోపలి అంచు బాగా అరిగిపోయి ఉంది. రెండు టైర్లకూ అంతే. అవి వేసి మూడు నెలలు కూడా కాలేదు.

ఆ కారు నేను కట్టుకున్నది. చట్రం, పైబాడీ కోయంబత్తూరు నుంచి లారీలో విడివిడిగా వచ్చాయి. ఇంజను, చక్రాల సామాను ఒక పాత కారువి. బేతంచెర్లలో ముప్పై ఏళ్లు బండలు పాలిష్ పట్టే మిషన్లు బాగుచేసిన చేతులు ఇవి. ఆ పని మానేసి కర్నూలు పక్కన కల్లూరులో స్థిరపడ్డాక, నా భార్య పోయిన మరుసటి ఏడు ఈ పని మొదలుపెట్టాను. మాకు పిల్లలు లేరు. నాకు పొద్దు పోక చేస్తున్నానని మసీదులో అందరూ అనుకున్నారు. పొద్దు గడపాలన్న మాట నిజమే కానీ, అదొక్కటే కాదు.

కడపలో మా అత్త ఉంది, నా భార్య తల్లి. కూతురిని పోగొట్టుకున్నాక ఆమె మళ్లీ మా ఇంటికి రాలేదు. మోకాళ్లు వంగవు, బస్సెక్కలేదు. బాడుగ కారు పంపుతానంటే వద్దంది. "నువ్వు కడతాండావంటనే, ఆ బండి అయినాంక దాంట్లోనే వస్తా" అని ఫోనులో అంది. వచ్చి ఇంటి వెనక షెడ్డులో, తన కూతురు కూర్చున్నచోట కూర్చుని ఒక్క పూట నమాజు చేసుకోవాలని ఆమె కోరిక. నా భార్య ఎలా నవ్వేదో, దేనికి అలిగేదో గుర్తున్న మనిషి ఆమె కాక నాకు ఇంకెవరూ మిగల్లేదు. ఆమెను తీసుకురావడానికే ఆ కారు. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. మూడు నెలలకే అరిగిపోయే టైర్ల మీద ఆమెను కడప నుంచి కర్నూలు దాకా ఎట్లా కూర్చోబెట్టేది?

కోడుమూరు రోడ్డులో టైర్ల షాపు ఉంది. దాని యజమాని నాకు మసీదులో పరిచయం, శుక్రవారం జుమ్మా నమాజులో ఒకే వరుసలో నిలబడతాం. టైరు చూసి తల పంకించాడు.

"ఏమప్పా, టైర్లు అరగదీసుకోని పూసుకుంటాండావా, గంధం మాదిరి?"

"గాలి ఎక్కువైందేమో చూడన్నా."

"గాలి ఎక్కువైతే నడిమధ్య అరుగుతాది. తక్కువైతే రెండంచులూ అరుగుతాయి. ఇది లోపలే తింటాంది. చక్రాలు తిన్నగా లేవప్పా."

కారును చక్రాల వాటం కొలిచే మిషను మీదికి ఎక్కించాడు. కాసేపటికి నవ్వుతూ బయటికి వచ్చాడు.

"బండి కంపెనీ పేరు కొట్టమంటాంది మిషను. ఏం కొట్టేది? నీ పేరు కొట్టేదా?"

"కొట్టు, చూద్దాం."

"వద్దులే, నీకు గూడా వారంటీ అయిపోయింది." ముందు చక్రాలు తన చేతి లెక్కకు సరిచేశాడు. "వెనక తిప్పి సరిచేసేదానికి ఏమీ లేదు. వెల్డింగు నువ్వే చేసినావు గదా, తప్పు నీ ఇంట్లోనే ఉండాది. ఈడ గాదు, పోయి ఆడ ఎతుక్కో."

ఆ మాట నిజమని ఇంటికి వచ్చే దారిలోనే తెలిసింది. ఇన్నాళ్లూ స్టీరింగును కాస్త కుడికి పట్టుకుని నడుపుతున్నాను. అట్లా పట్టుకుంటేనే బండి తిన్నగా పోతోంది. పక్క సీట్లో మనిషి ఉండి ఉంటే ఎప్పుడో అడిగేవాళ్లు, చెయ్యి ఎందుకు వంకరగా పెట్టావని.

మరునాడు షెడ్డులో బండికి రెండు పక్కలా మేస్త్రీల నైలాన్ దారం కట్టాను. చట్రం నడిమి నుంచి రెండు దారాలకూ ఒకే దూరం. ఆ దారం నుంచి వెనక చక్రం ముందంచుకు ఎంత, వెనకంచుకు ఎంత అని కొలిచాను. ఎడమ చక్రం దాదాపు సరిగ్గా ఉంది. కుడి చక్రం బయటికి చూస్తోంది. ఒక చక్రం పక్కకు చూస్తే బండి ఆ తేడాను రెండింటికీ పంచుతుంది కాబట్టి రెండు టైర్లూ అరిగాయి. ఇంతవరకూ అర్థమైంది. మూడుసార్లు కొలిచి వెల్డింగు పెట్టిన నేను కుడివైపు ఎట్లా తప్పాను?

షెడ్డు నేల మొత్తం బేతంచెర్ల బండలే. బండకూ బండకూ మధ్య సందు నూలు పట్టినట్టు తిన్నగా ఉంటుందని, చట్రాన్ని ఆ సందులకే సరిచూసి నిలబెట్టాను. ఎడమ చక్రాన్నీ సందు నుంచే కొలిచాను. కుడివైపు సందులు నేల మీద దించిన ఇంజను కింద, చెక్క దిమ్మెల కింద పడ్డాయి. అక్కడ కనబడుతున్నది నేల మీద అడ్డంగా ఉన్న ఆకుపచ్చ గీత ఒక్కటే. లంబకోణం చూసే మూలమట్టాన్ని దానికి ఆనించి కుడి చక్రాన్ని పెట్టాను.

ఆ గీత నా భార్యది. ప్రతి గురువారం వీధిలోని ఆడవాళ్లు వచ్చేవారు. ఆమె వాళ్లకు అరబీ అక్షరాలు దిద్దించి, చదువు చెప్పి, చివర అందరూ నమాజు చేసేవారు. వరుస చెదరకుండా నిలబడడానికి గీసిన గీత అది. ఆ వేళ నేను షెడ్డువైపు పోయేవాడిని కాదు. గీత ఎప్పుడు వేశారో, ఎట్లా వేశారో నాకు తెలియదు. ఒక కొస ఇనుప బీరువా కింద, రెండో కొస చుట్టిపెట్టిన చాపల కింద ఉండేవి. నడుమ ఆరడుగులు మాత్రమే కనబడేది.

బీరువా జరిపాను. చాపలు ఎత్తాను. ఒక గోడ దగ్గర గీత బండల సందును తాకుతోంది. ఎదుటి గోడ దగ్గర సందుకు నాలుగు వేళ్లు ఎడంగా ఉంది.

అత్తకు ఫోను చేశాను.

"ఆ గీత వంకర బోయిందత్తా. దాన్ని నమ్ముకోని చక్రం పెట్టినా."

"వంకరేంటికి పోతాది?" అంది. గొంతులో కోపం. "దారం ఒక కొస నేనే పట్టుకునింటి. కాబా నడినెత్తిన ఎండ నిలిచే రోజుకు కాచుకోనుండి, షెడ్డు ముందర కట్టె నాటి, దాని నీడ జూసి గీసింది నా బిడ్డ. బండలు పరిచినోడు వంకర బోయింటాడు. వాన్నడుగు."

ఏడాదిలో రెండు రోజులు సూర్యుడు సరిగ్గా కాబా మీదికి వస్తాడు. మన దగ్గర అప్పుడు మధ్యాహ్నం మూడు కావస్తుంటుంది. నమాజులో కాబా వైపు తిరగాలి గనక, ఆ నిమిషంలో నిలబెట్టిన కర్ర నీడ చెప్పే దిక్కును మించిన గుర్తు లేదు. ఇది నేను చిన్నప్పుడే చదువుకున్న సంగతి. నా ఇంట్లో అట్లా చూశారని మాత్రం నాకు తెలియదు.

ఫోను పెట్టేసి నేల మీదే కూర్చున్నాను. పని మధ్యలో వేళయితే మసీదుకు పోలేక నాలుగేళ్లుగా షెడ్డులోనే చాప వేసుకుంటున్నాను. ఆ చాపను బండల సందుకు సరిచేసి వేసేవాడిని. చక్రానికి ఆమె గీతను నమ్మాను, నమాజుకు మేస్త్రీ సందును నమ్మాను. కొంచెం పక్కకు తిరిగినంత మాత్రాన నమాజు చెడదని నేనే నలుగురికి చెప్పగలను. అయినా ఆ నాలుగు వేళ్ల ఎడాన్ని చేత్తో మళ్లీ కొలిచాను. అందరూ కలిసి చేసే జమాతులో వరుస మధ్య ఖాళీ కనబడితే పక్కవాడు జరిగి దాన్ని పూడుస్తాడు. ఒంటరి చాప వంకరగా పడితే జరిపే చెయ్యి ఉండదు.

కుడి వెల్డింగు కోసి, దారం కొలతకు మళ్లీ పెట్టాను. టైర్లు కొత్తవి వేశాను. బేతంచెర్ల దాకా పోతూ వస్తూ నెలన్నర నడిపాను. దిగిన ప్రతిసారీ టైరును ఇటూ అటూ నిమిరాను. రెండు వైపులా నున్నగానే ఉంది.

అప్పుడు కడపకు పోయాను. అత్త సీట్లో కూర్చుని, తలుపు రెండుసార్లు లాగి చూసుకుంది. "ఊడి చేతికొస్తాదేమో అనుకుంటి" అంది. మైదుకూరు దాటేదాకా బిడ్డ చిన్నప్పటి మాటలు చెప్పింది. నేను వినని సంగతులు ఇంకా అన్ని ఉన్నాయి.

షెడ్డులో ఆమెకు కుర్చీ వేశాను. ఆమె ముందు వంగి గీతను చూసింది, తరువాత కుర్చీని తానే జరిపి వెనక కాళ్లను దాని మీదికి తెచ్చుకుంది. నేను ముందు నిలబడ్డాను, చాపను ఈసారి గీతకు సరిచేసి. నాలుగేళ్లలో మొదటిసారి ఆ షెడ్డులో నా వెనక ఒక మనిషి ఊపిరి వినబడింది.

మూడో రోజు దిగబెట్టి వచ్చాను. వచ్చేటప్పుడు స్టీరింగు మీద చెయ్యి తేలికగా ఉంది, బండి తనంతట తాను తిన్నగా పోతోంది. పక్క సీటు ఖాళీ.

పోయేముందు ఆమె ఒకటే మాట చెప్పింది. "ఆ కుర్చీ ఆడే ఉండనీ, ఎత్తద్దు." ఎత్తలేదు. గీత మీదే ఉంది. వేళకు దాని ముందర చాప పరుచుకుంటాను.