ఆనందరావు మాస్టరు చేతిలో ద్రాక్షపుల్ల

ఆళ్లగడ్డ దారిలో చక్రపాణి ద్రాక్షతోట వేసి, మధ్యలో టెన్నిస్ కోర్టు గీయించి, చుట్టూ నంద్యాల ఆఫీసర్ల కోసం ఇళ్లు కట్టిస్తున్నప్పటి నుంచి ఆనందరావుకు అన్నం సయించడం లేదు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టరు, పక్కనున్న శనగచేను ఆయనదే. రోజూ పొద్దున్నే వేపపుల్ల నములుతూ, మెడలో పాత విజిల్ ఊగుతుండగా కంచె వెంబడి నడుస్తాడు. ఆయన చూపు తగిలితే పొదుగులోనే పాలు విరుగుతాయని ఊళ్లో మాట. కోర్టు గీతలు వంకరగా ఉన్నాయని అందరికీ చెబుతాడు. గీయడానికి తనను పిలవలేదని మాత్రం ఎవరికీ చెప్పడు.

అక్టోబరులో ఒకనాడు తోటంతా ఆకు లేని మోడులై కనిపించింది. కంచె కింద పడున్న తీగముక్కను పట్టుకుని ఆయన టీకొట్టుకు పరుగెత్తాడు. "తోట సచ్చిందప్పా. ఇంగ ఆ ఇండ్లు ఎవరు కొంటారు?" అని ఆ పుల్లను అందరి ముక్కుల ముందూ తిప్పాడు. ఇంటికొచ్చి, అంట్లు తోమే చోట బురదలో దాన్ని గెలిచిన జెండాలా గుచ్చాడు.

పది రోజులకు తోట చిగురించింది. కొమ్మలు కత్తిరిస్తేనే ద్రాక్ష కాస్తుందని తెలిసి టీకొట్టు విరగబడి నవ్వింది. ఆయన అటు పోవడం మానేశాడు.

మరో వారానికి భార్య హన్నమ్మ పిలిచింది. "ఈడ సూడయ్యా, నీ సచ్చిన పుల్లకు ఆకులొచ్చినాయి. పీకేద్దునా?"

ఆయన పుల్ల చుట్టూ అడుగులతో కొలిచాడు. తర్వాత నాలుగు గుంజలు, ఒక తాడు తెచ్చాడు.

"ఆ కొస పట్టుకో. తిన్నగా పట్టు. మన పందిరి వాని కోర్టు మాదిరి వంకర పోకూడదు."