వాల్టర్ తాతగారి దోసెలు

ఒక వంశం తరతరాలుగా ప్రాణంలా కాపాడుకున్నదాన్ని నేను పెనం మీద పోసి, కొబ్బరి చట్నీతో వడ్డించాను. నా తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పుకుంటే మీరు కాస్త జాలిగా చదువుతారని ఆశ.

కెంటకీలో మా పక్కింటి వాల్టర్‌కి చిన్న బర్బన్ విస్కీ బట్టీ ఉంది. వాళ్ల తాత నాటి ఈస్ట్‌తోనే ఇప్పటికీ మొక్కజొన్న గంజి పులియబెడతాడు. ప్రతిసారీ కొంచెం మిగిల్చి, మేపి, దాచుకుంటాడు. మద్యనిషేధం రోజుల్లో ఆ తాత దాన్ని బావిలోకి దించి బతికించాడట. బావి నుంచి బతికి బయటపడ్డది నా చేతికి చిక్కింది.

గాలివానకి బట్టీలో కరెంటు పోతే, వాల్టర్ ఆ ఈస్ట్ ఉన్న సీసా తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టమని సుగుణకిచ్చాడు. సుగుణ, అంటే మా ఆవిడ, నాకు చెప్పింది కూడా. మీటింగ్‌లో ఉన్న నేను తలూపాను. ఆ తల ఊపడానికే గానీ వినడానికి పనికిరాదు.

పొద్దున్నే వాల్టర్ వచ్చాడు. నాలో అతిథిమర్యాద పొంగింది. ఫ్రిజ్ తెరిస్తే సీసాలో పిండీ పొంగి ఉంది. పలచగా ఉందని గుప్పెడు బియ్యప్పిండి కలిపి దోసెలు పోశాను.

"అద్భుతం, రావ్! ఈ పులుపు నాకెక్కడో తెలుసు," అన్నాడు వాల్టర్.

"మా ఇంటి సీక్రెట్," అన్నాను.

అంతలో సుగుణ ఫ్రిజ్ తెరిచింది. "ఏవండీ, మన పిండి గిన్నెలో అలాగే ఉంది. మీరు దేంతో పోశారు?"

"సీసాలోదే."

"అయ్యో రామ! అది వాల్టర్ గారి తాతగారిదండీ! నిన్న చెప్పాను కదా!"

వాల్టర్‌కి తెలుగు రాదు. కానీ సింకులో సీసా కనిపించింది. ఫోర్కు కింద పెట్టేశాడు.

"ఇంకెక్కడా దాచలేదు," అన్నాడు మెల్లగా. "ల్యాబ్‌లో కొంచెం పెట్టమని మా అమ్మాయి పోరింది. నేనే వినలేదు. ఇది పోతే మా బర్బన్ ఇక మాది కాదు."

నేను పెనం కింద మంట ఆర్పేశాను.

"సీసా కడిగేశారా?" అంది సుగుణ.

"నేనా? కడగడమా?"

కాపురానికొచ్చాక ఆమె నా బద్ధకాన్ని మెచ్చుకున్నది అప్పుడే. అడుగున అంటుకున్న కాస్త ఈస్ట్‌ని వాల్టర్ బట్టీకి తీసుకెళ్లి, గోరువెచ్చని గంజి పోసి మేపాడు. మర్నాటికి తాతగారు బుడగలు తేలుతూ లేచి కూర్చున్నారు.

వంశవృత్తాంతం విచారించకుండా ఏ సీసా మూతా తియ్యనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అయినా బట్టీ చూడ్డానికొచ్చే ప్రతి టూరిస్టుకీ వాల్టర్ నన్ను చూపిస్తాడు: "మా తాతని చట్నీతో వండిపెట్టింది ఈయనే!" లొట్టలేసుకుంటూ తిన్నదెవరో మాత్రం చెప్పడు.

మొన్న మా ఇంటి పెరుగు నచ్చి తోడు అడిగాడు. "మా ముత్తవ్వ చేతి తోడు. సముద్రాలు దాటొచ్చింది. ప్రాణంలా చూసుకో," అన్నాను గంభీరంగా. నిజానికది మూలనున్న స్టోర్‌లో సేల్‌లో కొన్న డబ్బా.

ఇప్పుడు వాల్టర్ టోపీ తీసి, గుండె మీద చెయ్యేసుకుని, టూరిస్టులకి మా ముత్తవ్వ చరిత్ర చెబుతున్నాడు.