పళ్ళెంలో ఎర్రనీళ్ళు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. మొన్ననే నా జ్ఞానదంతాన్ని చిగురు కోసి తీశారు. నాలుగు కుట్లు ఇంకా నోట్లోనే ఉన్నాయి. ఆ కుట్ల మీద ఒట్టు. నేను నోరు తెరిస్తే కోతలేనని మావాళ్ళ నమ్మకం. ఇప్పుడు నోరు తెరవొద్దని డాక్టరే చెప్పాడు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా ఇల్లు వాషర్‌మెన్‌పేటలో. పైవరసలో ఒక పన్ను బయటికి రాకుండా చిగురు లోపల అడ్డంగా పడుకుందని, కోసి తీయాల్సిందేనని తేల్చారు. అది ఊడిన చప్పుడుకి రాయపురం రేవులో బయలుదేరబోతున్న పడవలు తుఫాను కాబోలనుకుని ఆగిపోయాయి. ఆ రోజు రేవులో ఉన్నవాళ్ళు చెప్పిన మాటే ఇది.

భయం ఇంటికి వచ్చాక మొదలైంది. గాయం మీద నెత్తురు గడ్డకట్టి మూతలా ఉంటుందని, ఉమ్మితే ఆ మూత ఊడుతుందని డాక్టరు హెచ్చరించాడు. మా అమ్మ దారిపొడుగునా అదే పాట. కానీ వద్దన్న పని చేయడానికే పుట్టినవాణ్ణి నేను. మధ్యాహ్నం అమ్మానాన్నా మాత్రలు కొనడానికి బయటికి వెళ్ళగానే, తొట్టి దగ్గరికి పోయి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఉమ్మాను.

నాపరాయి ఎర్రబడింది.

మూత ఊడిపోయింది, ఇక అంతే అనుకున్నాను. మెల్లగా వచ్చి పడుకున్నాను. నోట్లో ఉప్పగా ఊరుతోంది. కాసేపటికి దిండు మీద అరచేయంత మరక. తిరగేశాను. రెండోవైపూ అంత మరక పడింది. దిండుకి మూడోవైపు ఉండదని ఆ రోజే తెలిసింది. మనిషి ఒంట్లో నెత్తురు ఎంతుంటుంది? మహా అయితే రెండు చెంబులు. ఒకటి అప్పటికే అయిపోయిందని నా నమ్మకం. వంటింట్లో ఉన్న అవ్వని పిలుద్దామంటే, ఉమ్మానని చెప్పాలి. చెప్పినా ఎవరు నమ్ముతారు? పోయిన వారమే పాము కరిచిందని అరిచి వీధంతా పోగుచేశాను. చేతులు చల్లబడుతుంటే, చావు ఇలాగే వస్తుంది కాబోలని కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిస్తే ఎదురుగా మా అవ్వ, చేతిలో నా దిండు.

"ఉమ్మినావా?"

తల అడ్డంగా ఊపాను.

"ఊపమాక. ఉమ్మినావు. సరి, లేచి ఈడ కూర్చో. ఏడిస్తే ఇంకా కారతాది."

డాక్టరిచ్చిన శుభ్రమైన గుడ్డమడత నా పళ్ళ మధ్య పెట్టి గట్టిగా కొరకమంది. "గడియారంలో పెద్దముల్లు ఆరు మీదికి వచ్చేదాకా నోరు తెరిచినావంటే చూడు. అప్పటికీ ఆగకపోతే రిక్షా ఎక్కిద్దాం."

తర్వాత ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు, తన తాంబూలం పెట్టెలోని సున్నం డబ్బీ తెచ్చింది. దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు మా ఇంట్లో ప్రతి శుక్రవారం ఉండేవే. కాకపోతే అవి వంటింట్లోంచి తయారై వచ్చేవి. ఆ రోజు నా కళ్ళముందే కలిపింది. పసుపు వేస్తే నీళ్ళు పచ్చబడ్డాయి. వేలికొసన అంటినంత సున్నం వేసి ఒక్క తిప్పు తిప్పింది. పళ్ళెం నిండా నెత్తురు! నేను గోడకి అతుక్కుపోయాను.

"సున్నం ఎంత ఏసినానో చూసినావు గదా?"

చిటికెనవేలి గోరు చూపించాను.

"మరి పళ్ళెమంతా ఎందుకప్పా ఎర్రగుండాది? నీ నోట్లోనూ అంతే. నెత్తురు ఇంత, మిగతాదంతా ఉమ్మే. ఆ మాత్రానికే పోతానని పడుకున్నావా, పాము కరిస్తే పోనోడివి!"

పళ్ళెం నా ముఖం చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఆ చెయ్యి రాయిలా ఉంది. ఒక్క చుక్క తొణకలేదు. దాన్ని చూస్తూ చూస్తూనే నా గుండెదడ తగ్గింది. పెద్దముల్లు ఆరు మీదికి వచ్చాక గుడ్డ తీసి చూస్తే, ఒక మూల మాత్రం గులాబీరంగు. అమ్మ వచ్చేసరికి దిండుగలీబు ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. ఎందుకు ఉతికావని అడిగితే, మాసింది అంది మా అవ్వ.

ఇవాళ పొద్దున నా దిండు చూసి మా ఆవిడ ముఖం పాలిపోయింది. గుడ్డ కొరుక్కుని, పక్కవీధి తమలపాకుల అంగడికి పోయి సున్నం తెచ్చాను. ఆమె ముందే పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి, వేలికొస చూపించాను.

ఇంక ఒట్టు సంగతి. పడవలు ఆగిన మాట నేను కల్పించానని మీరు అనుకుంటున్నారేమో, దాని జోలికి రాకండి. నేను కల్పించింది మా అవ్వ చెయ్యి. అది రాయిలా లేదు. గజగజా వణికింది. ఎర్రనీళ్ళు నా చొక్కా మీద ఒలికాయి, ఆ మరక ఎన్ని ఉతుకులకీ పోలేదు. గడియారం వైపు నాకంటే ఎక్కువగా చూసింది ఆమే. అయినా మూడుచుట్లూ పూర్తిచేసింది.

ఇవాళ నేను ఆ పళ్ళెం మా ఆవిడ ముఖం చుట్టూ తిప్పుతుంటే ఎర్రనీళ్ళు ఒలికి నా లుంగీ తడిసింది. నేనూ ఆపలేదు.