అత్తయ్యతో సీలేరు లోయలో

నేను కారు నేర్చుకున్న కొత్తల్లో నా పక్క సీట్లో కూర్చోడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. మా ఆయన తిరువూరు బస్టాండు దాకా వచ్చేవారు, అదీ కళ్లు మూసుకుని. అలాంటిది, దసరా సెలవుల్లో సీలేరు లోయ చూసొస్తానని నేనంటే మా అత్తయ్య వెంటనే చెప్పులు వేసుకుంది. వినగడప చేలల్లో నలభై ఏళ్లు పత్తి తీసిన మనిషి.

"కొండల్లో ఏరు ఎట్టా ఉంటదో నేనూ చూస్తా పద" అంది.

పొద్దున్నే బయల్దేరి భద్రాచలం, చింతూరు దాటాం. అక్కడినుంచి దారి కొండెక్కడం మొదలైంది. చెట్ల సందుల్లో కింద ఎక్కడో నీళ్లు మెరిసినప్పుడల్లా అత్తయ్య నా భుజం తట్టి చూపించేది. నేను చూస్తే కారు లోయలోకి పోతుందని చెప్పినా వినలేదు.

ఒక నిట్టనిలువు మలుపులో బండి ఆగిపోయింది. బ్రేకు మీంచి కాలు తీస్తే వెనక్కి జారుతోంది. వెనకే బస్సు వచ్చి హారన్ మోగించింది. అత్తయ్య దిగి, చీర కుచ్చిళ్లు దోపుకుని, వెనక చక్రం కింద రాయి పెట్టింది. బస్సు డ్రైవరుకి చెయ్యెత్తి, "మా కోడలు కొత్తగా నేర్చుకుంది బాబూ, కాసేపు ఆగు" అంది. తర్వాత కారు ముందుకొచ్చి నిలబడింది.

"వెనక్కి చూడమాక. నా వంకే చూసి పోనియ్."

పోనిచ్చాను. ఆవిడ పక్కకి తప్పుకుంది. కారు మలుపెక్కుతున్న ఆనందంలో ఆపాలన్న ఊహే రాలేదు. చదునైన చోటికి చేరాక చూస్తే పక్క సీటు ఖాళీ.

దిగి వెనక్కి పరిగెత్తబోయాను. అంతలో బస్సు వచ్చి ఆగింది. ఫుట్‌బోర్డు మీద మా అత్తయ్య, వెనక కండక్టరు.

"మీ అత్తగారిని మర్చిపోయారండి" అన్నాడతను. బస్సంతా గొల్లుమంది. అత్తయ్య నవ్వలేక కడుపు పట్టుకుని రోడ్డు మీదే కూలబడింది. ఆవిణ్ణి లేపబోయి నేనూ కూలబడ్డాను.

ఆ తర్వాత నాకు భయమనేదే లేదు. సీలేరు పక్కనే పోతూ, నీళ్లు అందిన చోటల్లా దిగి కాళ్లు తడుపుకున్నాం. వెనక్కి తిరుగుదామంటే "ఆ మలుపు అవతల ఏముందో చూసి పోదాం" అనేది అత్తయ్య. అలా సాయంత్రమైంది. ఓ ఊళ్లో సిగ్నల్ అందగానే మా ఆయన ఫోను.

"ఎక్కడున్నారు? ఎప్పుడొస్తారు?"

అత్తయ్య ఫోను లాక్కుంది.

"ఇంకా సగం ఏరు మిగిలుంది నాయనా. నువ్వు వండుకుని తిను."