మాచిపత్రి వాసన

ఆదివారం. వాకిలి చల్లి ముగ్గేయడం, పాలు కాచడం అయ్యాయి. ఇడ్లీకి పిండి రుబ్బడం సగంలో ఉండగా, మా పక్కింటి టీచరమ్మ ఆసుపత్రిలోనే పోయారని కబురు వచ్చింది. బట్టలు ఉతకలేదు.

ఆమె చిత్తూరులో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యారు. మా వీధికి మాత్రం ఒకటే పాఠం చెప్పారు: వయ్యారిభామను పోల్చుకోవడం. చామంతిలాంటి ఆకు, చిన్న తెల్లపూలు, చూడ్డానికి ముచ్చటైన కలుపు. మా ఇళ్ల వెనక గుట్టమీద గరిక, తుమ్మి, తంగేడు ఉండేవి. ఏటా వానలకు ఇది వాటిని మింగుతూ పైకి పాకేది.

"ఇది మన నేలది కాదమ్మా, యాడనుంచో వచ్చింది. ఈడ గొడ్డు కూడా మెయ్యదు" అనేవారు టీచరమ్మ, గుట్టవైపే చూస్తూ.

దానిమీద ఆమెకున్న భయం నాకు పట్టుకున్నది ఒక వినాయక చవితినాడు. మావారు బజారుకు పోకుండా గుట్ట కిందనుంచి ఇంత పత్రి తెచ్చి పీటమీద పోశారు. మా అమ్మాయి దాన్ని విడదీస్తోంది. ప్రసాదానికి వచ్చిన టీచరమ్మ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేందబ్బా?"

"మాచిపత్రి, టీచరమ్మా. ఊరికే దొరికింది" అన్నారు మావారు గొప్పగా.

"బాగుండాదప్పా నీ పొదుపు! వినాయకుడికి వయ్యారిభామను ఇచ్చి పెండ్లి చేస్తా ఉండావా? ముందు బిడ్డను ఆడనుంచి లేపు."

మాట ఎగతాళిదే, చేత్తో మాత్రం పత్రిని అమ్మాయికి దూరంగా జరిపారు. ఒక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు. కలుపు పెరికి పెరికి ఆమె వేళ్లమీద చర్మం మందమై పగిలిపోయి ఉంది.

"మాచిపత్రి అయితే చేతికి వాసన పట్టాల. దీనికి ఉండాదా సూడు."

పచ్చి వాసన తప్ప ఏమీ లేదు.

సాయంత్రానికి అమ్మాయికి ఆయాసం మొదలైంది. ఊపిరికోసం దాని డొక్కలు లోపలికి పోవడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఆ పుప్పొడి సోకనివ్వద్దన్నాడు డాక్టరు.

అప్పటినుంచి తొలి వానలకే ఎవరింటి వెనక వాళ్లం పెరికేవాళ్లం, ముక్కుకు గుడ్డ, చేతులకు కవర్లు కట్టుకుని. "పూత రాకముందే పెరకాల. పూసినాక పెరికినా ఇత్తనం నేలలో పడిపోయింటాది" అని టీచరమ్మ తొందరపెట్టేవారు. ఒక ఏడు అమ్మాయితో నేను ఆసుపత్రిలో ఉంటే మా వంతూ ఆమే పెరికారు. "నాకు బాకీ ఉండావు, మరిసిపోవాకు" అని నవ్వారు.

ఈ ఏడు వానలకు ఆమె మంచంమీద ఉన్నారు. కర్మ ముగిశాక గోడమీదుగా వాళ్ల పెరడు చూశాను. మోకాలెత్తు వయ్యారిభామ, కొసల్లో మొగ్గలు. చవితికి వీధంతా కోసుకోవాలని ఆమె పెంచిన మాచిపత్రి దాని మధ్యలోనే ఎక్కడో ఉంది.

మా కిటికీలు మూయించి, అమ్మాయిని లోపలే ఉండమని ఆ పెరట్లోకి దిగాను. అన్నీ ఒకే పచ్చ. ఏది పెరికితే ఆమె మొక్క పోతుందోనని చెయ్యి ఆడలేదు. చివరికి ముక్కు గుడ్డ, చేతి కవరు తీసేసి, ఒక్కో ఆకూ నలిపి, వాసన లేనిదాన్నే వేళ్లతో సహా లాగాను. మొగ్గ కనిపించినప్పుడల్లా ఊపిరి బిగబట్టాను. కొళాయి పక్కన ఒక ఆకు నలిపితే ఘుమ్మంది.

"అమ్మా, దొరికిందా?" కిటికీ అద్దం వెనకనుంచి అమ్మాయి.

చెయ్యెత్తి చూపించాను. బోసినేల మధ్యలో ఆ ఒక్క మొక్క నిలబడి ఉంది. చుట్టూ మట్టిలో ఎన్ని విత్తనాలు వానకోసం కాచుకున్నాయో తెలియదు. సబ్బుతో కడిగినా నా వేళ్ల వాసన పోలేదు.

టీచరమ్మకు నేను బాకీ ఉన్న ఒక వంతు చెల్లు.