నా కోసం ఆగిన బంతి

సహోదరులారా, ఒక ఆదివారం నుంచి మరో ఆదివారం దాకా ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినబడకుండా బతకడం ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నాకు బాగా తెలుసు. రేపల్లెలో స్టేషనుకు దగ్గరగా ఒక చిన్న అద్దె ఇంట్లో నేను అలాగే బతికాను. తెనాలి నుంచి వచ్చే రైలు మా ఊళ్ళో ఆగిపోతుంది, అక్కడి నుంచి ముందుకు పట్టాలు లేవు. రైలు వచ్చిన కాసేపటికి వీధిలో చెప్పుల చప్పుడు, ఆటోవాళ్ళ కేకలు, ఎవరింటికో ఎవరో వచ్చిన సందడి వినిపించేవి, తర్వాత అన్నీ సద్దుమణిగేవి. ఆ అడుగుల్లో ఏ ఒక్కటీ నా గుమ్మం దగ్గర ఆగేది కాదు. ఆగమని నేను ఎవరినీ అడగలేదు కూడా. అడగడం మా ఇంట్లో నేర్పలేదు.

మాది తెనాలిలో ఒకప్పుడు పేరున్న కుటుంబం. మా తాతగారి కాలంలో పొలాలుండేవి, రైసు మిల్లు ఉండేది, శుభకార్యం వచ్చిందంటే మా వాకిట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బంతులు లేస్తూనే ఉండేవి. అదంతా ఎలా పోయిందో ఇక్కడ రాయను, ఈ సాక్ష్యానికి అది అవసరం లేదు. నా వరకు వచ్చేసరికి ఇంటిపేరు ఒక్కటే మిగిలింది, దాన్ని మాత్రం నేను మడత నలగకుండా కాపాడుకున్నాను. బాపట్లలో ఒక కాలేజీ హాస్టలుకు వార్డెనుగా పనిచేశాను. నా భార్య సుగుణ అక్కడే ప్రభువును నమ్ముకుంది. ఆమె జబ్బుపడి, మందులకు లొంగని నొప్పిలో కూడా సణగకుండా, వచ్చినవాళ్ళందరినీ పేరుపేరునా పలకరిస్తూ కన్నుమూసినప్పుడు, ఆమె నమ్మిన దేవుణ్ణి నేనూ నమ్మి బాప్తిస్మం తీసుకున్నాను. మాకు పిల్లలు లేరు. తెనాలిలో అందరికీ మా కుటుంబం సంగతి తెలుసు, బాపట్లలో అందరికీ సుగుణ తెలుసు, ఎక్కడికి వెళ్ళినా జాలి చూపులే. అందుకని ఉద్యోగం అయిపోయాక ఎవరికీ తెలియని ఊరని రేపల్లె వచ్చాను.

ఇక్కడ మా సంఘంలో ఎక్కువమంది నిజాంపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడిన చేపల వేటగాళ్ళ కుటుంబాల వాళ్ళు, కూలి పనులు చేసుకునేవాళ్ళు. ఆదివారం ఆరాధన కాగానే అందరూ కలిసి భోజనం చేస్తారు. హాల్లోనే చాపలు పరిచి, విస్తళ్ళు వేసి బంతిగా కూర్చుంటారు. అందరి ఆకుల్లోనూ వడ్డన పూర్తయ్యాక పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తే, అప్పుడు అందరూ ఒకేసారి అన్నంలో చెయ్యి పెడతారు.

నేను మాత్రం ఆ బంతిలో కూర్చోలేదు. మా అయ్యగారు తెనాలి పక్క అమృతలూరు దగ్గర పుట్టి పెరిగినవారు. మొదటిరోజు మా ఇంటిపేరు చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ రోజు నుంచి నాకు భోజనం ఆయన గదిలో, బల్ల మీద, స్టీలు కంచంలో. ఆయన సంఘమంతటికీ వడ్డించి ఎప్పటికో తినేవారు గనుక ఆ గదిలో నేనొక్కణ్ణే. అలా పెట్టమని నేను అడగలేదు, వద్దనీ అనలేదు. చాప మీద కూర్చోమంటే బాబుగారు చిన్నబుచ్చుకుంటారని వాళ్ళనుకున్నారు, కూర్చోమని పిలవలేదు గనుక నేను వాళ్ళలో ఒకణ్ణి కానని నేననుకున్నాను. సహోదరులారా, ప్రేమగల మనుషులు ఉత్త గౌరవంతోనే ఒక మనిషిని ఎంత దూరంలో ఉంచగలరో! తలుపు అవతల నవ్వులు, ఇంకొంచెం పులుసు పొయ్యమనే కేకలు, పిల్లల గోల వినిపిస్తుంటే, నేను గోడకేసి చూస్తూ అన్నం ముగించి చెయ్యి కడుక్కునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో నాకు పక్షవాతం వచ్చింది. తెనాలి ఆసుపత్రిలో చేర్చారు. దేవుని కృపవల్ల ప్రాణం దక్కింది, మాట దక్కింది, కాలు కొంత తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం తిరిగి రాలేదు. ఇంటికొచ్చాక చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కొత్తగా నేర్చుకున్నాను, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినడం నేర్చుకున్నాను. ఎవరూ చూడడం లేదు గనుక నేర్చుకోగలిగాను.

తిరిగి గుడికి వెళ్ళిన మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం ఉంది. రొట్టె పళ్ళెం పట్టుకుని అయ్యగారు ఒక్కొక్కరి ముందుకు వస్తున్నారు, ఒక్కొక్కరు కుడిచెయ్యి చాచి తీసుకుంటున్నారు. నా ముందు ఆగారు. కుడిచెయ్యి లేవలేదు. ఎడమచెయ్యి ఎలా చాచను? ఎడమచేత్తో ఎవరికీ తాంబూలం కూడా ఇవ్వకూడదని పెంచిన ఇంట్లో పుట్టి, ప్రభువు శరీరాన్ని ఆ చేత్తో ఎలా పట్టుకోను? నేను తల అడ్డంగా ఊపాను. అయ్యగారు ఏదో అనబోయి, నా మొహం చూసి, గౌరవంతో తలవంచి పక్క మనిషి దగ్గరకు వెళ్ళిపోయారు. ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ రొట్టె నన్ను దాటి వెళ్ళిపోయిన ఆ క్షణంలో నేను ఎంత ఒంటరినయ్యానో సుగుణను సాగనంపిన రోజున కూడా అంత ఒంటరిని కాలేదు.

మరుసటి ఆదివారం నేను గుడికి వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. వాళ్ళు నన్ను మరిచిపోలేదు, అది చెప్పాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం క్యారియర్ వచ్చేది. తెచ్చేది దీనమ్మ. బజారులో ఎండుచేపలు అమ్ముకునే మనిషి, మా గుడిలో ఆదివారం వంటంతా ఆమె చేతి మీదుగానే జరుగుతుంది. గుమ్మం పక్క అరుగు మీద క్యారియర్ పెట్టి, "బాబుగారూ, క్యారియరండీ!" అని వీధి చివరికి వినబడేలా ఒక కేకవేసి వెళ్ళిపోయేది. వారమంతా నా ఇంటికొచ్చిన మనిషి గొంతు అదొక్కటే. లోపలికి రా అమ్మా, కాసేపు కూర్చో అనాలని ఎన్నిసార్లు నాలుక చివరి దాకా వచ్చిందో! నేను తలుపు దగ్గరికి నడిచి వచ్చేసరికి ఆమె మలుపు తిరిగేది. పిలవచ్చు. పిలవలేదు.

గుడి మైకులో పాట మా వీధికి వినిపిస్తుంది. ఆదివారం ఉదయం నేను ఉతికిన చొక్కా వేసుకుని, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఆ పాట వింటూ ప్రార్థన చేసేవాణ్ణి. "ప్రభువా, నా చెయ్యి నాకివ్వు. ఇస్తే ఇప్పుడే వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంటాను. ఇవ్వకపోతే నన్ను సుగుణ దగ్గరికి తీసుకుపో. ఇలా మధ్యలో ఉంచకు" అని ఎన్నో వారాలు ప్రార్థించాను. చెయ్యి రాలేదు, పిలుపూ రాలేదు. చివరికి ఒక ఆదివారం నా నోట వేరే మాట వచ్చింది. "ప్రభువా, నాకు మనుషులు కావాలి" అన్నాను. అంత బతుకులోనూ నేను షరతు పెట్టకుండా అడిగిన మొదటి ప్రార్థన అదేనేమో!

ఆ రోజే క్యారియర్ రాలేదు.

పాట అయిపోయింది, మైకు ఆగిపోయింది, వేళ దాటిపోయింది. ఇక వీళ్ళకూ విసుగొచ్చింది, ఎన్నాళ్ళు మోస్తారులే అనుకుని తలుపు వేయబోతుంటే దీనమ్మ ఒట్టి చేతులతో వచ్చింది. ఈసారి అరుగు దగ్గర ఆగలేదు, గుమ్మంలోకే వచ్చింది.

"బాబుగారూ, ఇవాళ క్యారియర్ లేదండి."

"సరే. పంపమని నేను అడగలేదుగా" అన్నాను.

"మీరు అడగరండి, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ గిన్నెలు తోమి తోమి నా చేతులు అరిగిపోతున్నాయి. భోజనానికి మీరే అక్కడికి రండి."

"నాకు ఆకలిగా లేదమ్మా."

"మీకు లేదేమోగానండి, అక్కడ అందరికీ ఉంది. వడ్డించేశాం. అందరూ ఆకుల ముందు కూర్చున్నారు, ఎవరూ చెయ్యి పెట్టలేదు. మీరొస్తేగానీ ప్రార్థన చెయ్యనని అయ్యగారు మొండికేశారు."

"ఇదేం పద్ధతి! పిల్లలుంటారు, ముసలివాళ్ళుంటారు..."

"ఉన్నారండి. మా మనవరాలు అప్పుడే అప్పడం కొరికేసింది, చూసీ చూడనట్టు ఊరుకున్నాం. పులుసు చల్లారిపోతోంది. రానంటే రానని చెప్పేయండి, పోయి చెబుతా, బాబుగారు రారంట, తినేయండర్రా అని. నాకేంటి!"

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ ఉదయం అయ్యగారు భోజనానికి కూడినప్పుడు ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండాలనే వాక్యం మీద ప్రసంగించారట. అది ముగియగానే దీనమ్మ లేచి, "అయితే బాబుగారి సంగతేంటండి?" అని అందరి ముందూ అడిగిందట. వడ్డించండి గానీ బాబుగారు వచ్చాకే ప్రార్థన అని అయ్యగారు ఆమెను నా దగ్గరికి పంపారట.

నా సంగతి చెబుతాను. మా వాకిట్లో ఆకు ముందు కూర్చున్న మనిషిని ఆకలితో ఉంచడమంటే అంతకన్నా పాపం లేదని మా నాయనమ్మ అనేది. ఇప్పుడు నా మూలంగా, ఒక్క నా మూలంగా, ఒక సంఘం సంఘమంతా అన్నం ఎదురుగా పెట్టుకుని తినకుండా కూర్చుని ఉంది! నా దీనత్వం నన్ను ఆ ఇంట్లోంచి కదిలించిందని రాస్తే అది అబద్ధమవుతుంది. నా అభిమానమే కదిలించింది. ఏ కొక్కేనికి నేను తగులుకుంటానో నా దేవునికి తెలుసు, దానికే ఎర గుచ్చాడు. దేవునికే మహిమ! నేను పై బొత్తాం పెట్టుకోకుండా వీధిలోకి వచ్చాను.

హాల్లో ఎవరి ఆకూ ఎవరూ ముట్టుకోలేదు. బంతి మధ్యలో ఒక ఆకు ముందు ఖాళీ ఉంది. దాని పక్కన దీనమ్మ తమ్ముడు ఏసుబాబు, బోటు మీద వేటకు వెళ్ళే మనిషి, కూర్చుని ఉన్నాడు. అతనూ ఇంకొకతనూ చంకల కింద చేతులు వేసి నన్ను చాప మీద కూర్చోబెట్టారు. అయ్యగారు లేచి, "ప్రభువా, ఇప్పుడు అందరం ఉన్నాం. స్తోత్రం. ఆమేన్" అన్నారు. అంత చిన్న ప్రార్థన ఆయన చేయగా నేనెప్పుడూ వినలేదు.

అందరూ తినడం మొదలుపెట్టారు. నేను ఆకు వంక చూస్తూ ఉన్నాను. అన్నం, పప్పు, చేపల పులుసు. చెంచా లేదు. ఎడమచెయ్యి ఒళ్ళోంచి రావడం లేదు. చుట్టూ కళ్ళు నా మీదే ఉన్నాయని తెలుస్తోంది.

"ఎవరి ఆకులో వాళ్ళు చూసుకోండర్రా! ఎప్పుడూ మనిషిని చూడనట్టు!" అని దీనమ్మ గరిటె ఆడించింది. నవ్వులు రేగాయి.

ఆ నవ్వుల మధ్య ఏసుబాబు, "బాబాయ్, ముళ్ళుంటాయి, ఉండండి" అంటూ, తను తింటున్న చేత్తోనే నా ఆకులో చేప ముక్క విప్పి, ముళ్ళు ఏరి పక్కన పెట్టి, అన్నం పులుసుతో కలిపి, ముద్దలు చేసి వరసగా పెట్టాడు. నన్ను అడగలేదు. ఇంట్లో పిల్లలకు ఎలా చేస్తాడో అలాగే చేసి, మళ్ళీ తన ఆకులో తను తినడం మొదలుపెట్టాడు. సహోదరులారా, ఎంగిలి చెయ్యి కలిపిన అన్నం నేను చిన్నతనంలో మా అమ్మ చేతిది తప్ప ఎరగను. ఆ ముద్దల వంక చూశాను. పాదాలు కడగడానికి ప్రభువు వంగినప్పుడు, నా పాదాలు నువ్వు కడగడమేమిటని కాళ్ళు వెనక్కి తీసుకున్న శిష్యుడు గుర్తొచ్చాడు. కడగనివ్వకపోతే నాతో నీకు పాలుపంపులు లేవని ఆయన చెప్పిన జవాబూ గుర్తొచ్చింది. ఎడమచేత్తో ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాను.

"కారం ఎక్కువైందా బాబాయ్? కళ్ళెంట నీళ్ళొస్తున్నాయి" అన్నాడు ఏసుబాబు.

"అవునయ్యా, కొంచెం ఎక్కువే" అన్నాను.

"నా పులుసుకు వంకలు పెట్టకండి, ముందు తినండి!" అని అవతలి నుంచి దీనమ్మ కేకవేసింది.

ఆ తర్వాత ప్రభురాత్రి భోజనం వచ్చిన ఆదివారం నేను ఎప్పటిలా బెంచీ చివర ఒంటరిగా కూర్చోలేదు, వాళ్ళ మధ్య కూర్చున్నాను. పళ్ళెం నా ముందుకు వచ్చింది. నేను ఎడమచెయ్యి చాచాను. అయ్యగారు రొట్టె అందులో పెట్టి, ఈసారి తలవంచలేదు, నా కళ్ళలోకి చూశారు.

సాక్ష్యమంటే స్వస్థత రాయాలి కదా అని కొందరు అడుగుతారేమో. నా కుడిచెయ్యి ఇప్పటికీ లేవదు. సాయంత్రాలు ఇల్లు ఇప్పటికీ బోసిగానే ఉంటుంది, సుగుణ లేని లోటు ఏ బంతీ తీర్చేది కాదు. కానీ నేను స్వస్థుణ్ణి. మా సంఘంలో నాకొక పరిచర్య కూడా ఇచ్చారు. ఆకులు వేస్తుండగా నేను బంతి వెంట నెమ్మదిగా నడుస్తూ ఎవరు రాలేదో చూస్తాను, వాళ్ళింటికి వెళ్తాను. మొన్న ఒక ఇంటి ముందు నిలబడి పిలిస్తే, కొత్తగా భర్త పోయిన ఆ తల్లి తలుపు తియ్యకుండానే, "నలుగురిలోకి రాలేనండి బాబాయిగారూ, మీరు వెళ్ళండి" అంది. "నేను వెళ్ళినా వాళ్ళు తినరమ్మా, నాకూ ఆకలిగా ఉంది" అన్నాను. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

మన ప్రభువుకు వేలవేల స్తోత్రాలు! ఇది చదువుతూ, ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక గదిలో, పిలిస్తే వెళ్దామని ఎదురుచూస్తూ ఒంటరిగా కూర్చున్న నా సహోదరుడా, నా సహోదరీ, ఆయన్ని నమ్మండి. చెయ్యి బాగయ్యాక, బట్టలు బాగయ్యాక, మనసు బాగయ్యాక వెళ్దామని ఆగకండి. ఉన్నవాళ్ళు ఉన్నట్టే రండి. కొంచెం త్వరగా రండి, పిల్లలు ఆకలి మీద ఉన్నారు.