పన్నా చూసి కొన్న సైకిలు

దీపావళి సెలవుల తరువాత కార్ఖానాలు తెరిచే లాభ పాంచం నాడు నన్ను చెకర్‌గా వేశారు. అంతకుముందు పదకొండేళ్ళు సూరత్‌లోని ఒక చీరల కార్ఖానాలో మడతబల్ల దగ్గర పనిచేశాను. చీరలకు లేసు కుట్టే పని ఇళ్ళలోని ఆడవాళ్ళకు ఇస్తారు. చెకర్ ఆ ఇళ్ళకు వెళ్ళి, టేపుతో అంచు కొలిచి, తేడా ఉంటే అక్కడే విప్పించాలి. హోదాలో మడతబల్లకు పైన, సూపర్‌వైజరుకు కింద. ఒక రోజు ఆల్థాన్, మరునాడు వరాఛా. మేముండే వడోద్ నుంచి వరాఛా బాగా దూరం. పదిహేను రోజుల్లో సైకిలు మీద రెండు వైపులూ తిరగలేకపోతే మళ్ళీ మడతబల్లకే పంపుతానన్నాడు సేఠ్.

నా ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు. దుకాణంలో రెండు సైకిళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని చక్రం ఇరవై నాలుగంగుళాలు, ఇంకోదానిది ఇరవై ఆరు. ధర ఒకటే. మా ఆయన రాజమల్లు మగ్గం నడిపేవాడు. బట్ట వెడల్పును మా పనిలో పన్నా అంటారు. ఒకే ధరకు రెండు పన్నాలుంటే పెద్దదాన్ని వదిలేవాడు మా వాడలో లేడు.

"గా చిన్నది బడిపిల్లలది. అవే పైసలకు పెద్దదొస్తుంటే ఏంది సోంచాయిస్తున్నవ్?" అన్నాడు.

"కాళ్ళు అందుతలేవు కదయ్యా."

"తొక్కంగ తొక్కంగ అవే అందుతయ్. నువ్వు గూడ జర పొడుగైతవ్."

నవ్వుకుంటూ పెద్దదే కొన్నాం. సీటు పూర్తిగా కిందికి దించుకున్నాను.

నాలుగో రోజు వరాఛా నుంచి వస్తుంటే సిగ్నల్ పడింది. బ్రేకు వేసి కాలు చాపాను. నేల తగలలేదు. హ్యాండిల్ దూరంగా ఉండడంతో ఒళ్ళంతా ముందుకు వంగి ఉంది, ఆపుకోలేక పక్కకు పడ్డాను. వెనుక బస్సు కీచుమంది. కళ్ళు తెరిస్తే టైరు నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. సైకిలు వెనుక కట్టి తెస్తున్న చీరల మూట ఆ టైరు కింద ఉంది. ఎవరో లేపి పేరడిగారు. నా పేరు నాకు గుర్తు రాలేదు. ఇంటిదాకా సైకిలు నడిపించుకుంటూనే వచ్చాను.

"బస్సు యాడ ఆగింది?" అని రాజమల్లు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ జాన చాపి చూపించాను. అతను గడప మీద కూర్చుండిపోయాడు.

మరునాడు మా గల్లీలో సైకిళ్ళు బాగుచేసే ముసలి మిస్త్రీకి సైకిలు చూపించాను. ఆయన నా ఎత్తు అడగలేదు. ఇంటికి వెళ్ళి, చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య ఒక పుస్తకం పైకి ఆనించి, దాని పై అంచు నుంచి నేలదాకా కొలుచుకుని రమ్మన్నాడు. ఆ కొలతతో పోలిస్తే సీటుకూ హ్యాండిల్‌కూ మధ్యనుండే కమ్మీ రెండంగుళాలు ఎత్తు. సీటు దించడమూ తప్పేనన్నాడు. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగానే వంగాలట, లేకపోతే దూరం పోయేకొద్దీ మోకాళ్ళు పాడవుతాయట. ఆగేటప్పుడు సీటు దిగి కమ్మీకి ఇరువైపులా కాళ్ళు ఆనించి నిలబడాలట. హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు బిగుసుకోకూడదట.

వింటూ నా చేతిలోని టేపును చూసుకున్నాను. లేసు అరంగుళం వంకరపోతే చీరంతా విప్పించేదాన్ని. సైకిలు కొన్ననాడు అదే టేపు నా మెడలో వేలాడుతూనే ఉంది.

గీతలు పడ్డ సైకిలును తక్కువకిచ్చి చిన్నది తెచ్చుకున్నాం. "బడికి పోతున్నవా, బిడ్డా?" అని రాజమల్లు ఏడిపించాడు. గడువుకు రెండు రోజుల ముందే రెండు వైపులూ తిరిగి వచ్చాను. రిటైరయ్యేదాకా చెకర్‌గానే ఉన్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకోవడానికి నిజంగానే బడికి ఆ సైకిలు మీదే వెళ్ళాను.

పొట్టివాళ్ళు సైకిలు కొనేటప్పుడు ముందు కాలి కొలత తీసుకోవాలి, తరువాత కమ్మీ ఎత్తు, ఆపైన హ్యాండిల్ దూరం చూడాలి. ధర అడగడం చివర్న. ఎక్కువైన పన్నాను లోపలికి మడిచి కుట్టవచ్చు. సైకిలుకు ఆ వీలు లేదు.